గోథెన్‌బర్గ్ ఎంత దూరం

దగ్ని కళ్ళు పచ్చబడిన సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు ముసలి గిస్లి.

గిస్లి ఒకప్పుడు చేపల ఓడల మీద వంటవాడు. పని మానేశాక రోజూ పొద్దున్నే ఐస్‌లాండ్ ఉత్తరాన ఉన్న మా ఊరు అకురేరిలోని ఈతకొలనుకి వచ్చి, వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుంటాడు. పైన మంచు కురుస్తున్నా సరే, నెత్తిన ఊలు టోపీ పెట్టుకుని ఆ ఆవిర్ల మధ్య నుంచే ఊరి కబుర్లన్నీ చెప్తాడు. దగ్నీ నేనూ ఆ కొలను దగ్గర చాలా ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. గాజు గదిలో కూర్చుని ఈదేవాళ్ళని కనిపెట్టుకుని ఉండటం, నీళ్ళ వేడి చూడటం, ఒళ్ళు కడుక్కోకుండా కొలనులో దిగబోయే పరాయి దేశస్థుల్ని వెనక్కి పంపడం మా పని. ఆ రోజు దగ్ని తొట్టి అంచున వంగి థర్మామీటరు ముంచుతుంటే గిస్లి ఆమె మొహంలోకి తేరిపార చూశాడు.

"ఏమే దగ్ని, కళ్ళు అలా వెన్నరంగుకి తిరిగాయేంటి? కేటిల్ నీకు తిండి పెట్టట్లేదా, మరీ ఎక్కువ పెడుతున్నాడా?"

తొట్టిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. దగ్నీ నవ్వింది. పైకి వచ్చాక మాత్రం అద్దం ముందు నిలబడి, కింది రెప్ప లాగి చాలాసేపు చూసుకుంది. ఒళ్ళంతా దురదగా ఉందని, ఇన్నేళ్ళ తర్వాత క్లోరిన్ పడటం లేదేమోనని అప్పటికే కొన్నాళ్ళుగా అంటోంది. అరచేతులు రక్తం చిమ్మేలా గీరుకునేది.

దురద క్లోరిన్ వల్ల కాదని తర్వాత తెలిసింది. కాలేయంలో పైత్యరసం పారే సన్నటి గొట్టాలు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. మందులతో రెండేళ్ళు నెట్టుకొచ్చారు. ఆ తర్వాత డాక్టరు ఇక మార్చడం తప్ప దారి లేదన్నాడు. మా దేశంలో ఆ ఆపరేషన్ చేయరు. మూడున్నర లక్షల మంది కోసం అంత ఏర్పాటు పెట్టుకోలేక, స్వీడన్‌తో ఒప్పందం చేసుకున్నారు. అక్కడెక్కడో ఎవరో చనిపోవాలి, వాళ్ళ ఇంటివాళ్ళు సరేననాలి, రక్తం గ్రూపు కుదరాలి. అప్పుడు గోథెన్‌బర్గ్ నుంచి ఫోన్ వస్తుంది. ఫోన్ రాగానే కట్టుబట్టలతో బయలుదేరాలి. ఒకసారి ఒంట్లోంచి తీసిన కాలేయం ఎక్కువసేపు ఎదురుచూడదు.

ఇది విన్నరోజు దగ్నిని భయపెట్టింది ఆపరేషన్ కాదు. విమానం.

అప్పటికి ఆమెకి ఏభై రెండేళ్ళు. పొడగరి, భుజాలు వెడల్పు, గొంతు గట్టిది. నీళ్ళంటే బెదురు లేదు. కొలనులో మునగబోయినవాళ్ళని ఎంతమందిని జుట్టు పట్టి పైకి లాగిందో నేను చూశాను. ఒకసారి ఫ్యోర్డులోకి, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపాయలోకి, జారిపడ్డ తాగుబోతు కోసం చలికాలంలో బట్టలతోనే దూకింది. అలాంటి మనిషి విమానం అంటే మాత్రం వణికిపోయేది. కారణం ఏదీ లేదు. ఆమెకేం ప్రమాదం జరగలేదు, తెలిసినవాళ్ళకీ జరగలేదు. మా విమానాశ్రయం ఫ్యోర్డు కొసన, రెండు కొండల మధ్య నీళ్ళలోకి చొచ్చుకుని ఉంటుంది. దిగబోయే విమానం గాలికి ఇటూ అటూ ఊగడం చిన్నప్పుడు వంటింటి కిటికీలోంచి చూసిందట. అంతే. రాజధానికి వెళ్ళాలన్నా సగం రోజు కారులో వెళ్ళేది. పెళ్ళికి ముందు ఒక్కసారి కోపెన్‌హేగెన్‌కి విమానంలో వెళ్ళి, తిరిగి ఓడ మీద వచ్చింది.

తమాషా ఏమిటంటే ఆమె మొగుడు కేటిల్ ఆ విమానాశ్రయంలోనే ఉద్యోగి. చలికాలం రన్‌వే మీద మంచు తోసే బండి నడుపుతాడు, వేసవిలో గడ్డి కోయిస్తాడు, మంటలార్పే బృందంలోనూ ఉన్నాడు. నువ్వు దారి శుభ్రం చేస్తావు గానీ నీ పెళ్ళాం ఆ దారిన నడవదని తోటివాళ్ళు అతన్ని ఆటపట్టించేవారు. కేటిల్ తక్కువ మాటల మనిషి. భుజాలెగరేసి ఊరుకునేవాడు.

కాలేయం కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో పేరు ఎక్కాక దగ్ని అందర్నీ ఒకటే అడగడం మొదలుపెట్టింది. గోథెన్‌బర్గ్ ఎంత దూరం? కేటిల్ పైలట్లని అడిగి చెప్పాడు, ఇక్కణ్ణుంచి తిన్నగా గీత గీస్తే పద్దెనిమిది వందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. అంబులెన్స్ విమానం చిన్నది, రెండు రెక్కలకీ చెరో పంకా. గాలి వెనకనుంచి తోస్తే మూడున్నర గంటలు, ఎదురుగా వస్తే నాలుగు దాటుతుంది. ఆ మాట విన్నా ఆమె అడగడం మానలేదు. వేడినీళ్ళ తొట్టిలో ముసలాళ్ళని కూడా అడిగింది. ఒకడు అంతలేదు మూడు గంటలే అన్నాడు. ఇంకొకడు తను లండన్ వెళ్ళిన కథ ఎత్తుకున్నాడు. గిస్లి, తను ఓడలో వెళ్తే నాలుగు రోజులు పట్టిందని, అందులో రెండు రోజులు వాంతులకే పోయాయని చెప్పాడు. ఎవరి మాటకి వాళ్ళు కట్టుబడి నీళ్ళు చల్లుకుంటూ వాదించుకుంటుంటే, దగ్ని గట్టున నిలబడి చేతులు గీరుకుంటూ విన్నది. ఎవరైనా తక్కువ చెప్తారేమో అన్న ఆశ ఆమె మొహంలో కనిపించేది.

ఆ ఏడాదంతా ఫోన్ ఆమె ఒంట్లో ఒక అవయవమైపోయింది. స్నానానికి వెళ్తే సబ్బుపెట్టె పక్కన, పడుకుంటే దిండు కింద. సిగ్నల్ అందదని కొండ మీది తమ సెలవుల గుడిసెకి వెళ్ళడం మానేసింది. సెప్టెంబరులో గొర్రెల మందల్ని కొండల మీంచి దింపే పండగకి అక్క ఊనా పొలానికి కూడా వెళ్ళలేదు. గదిలో ఎవరి ఫోన్ మోగినా ఆమె పెదాలు తెల్లబడేవి. టెలిఫోను కంపెనీ వాడు కొత్త పథకం గురించి చెప్పబోతే, పాపం వాడి మీద అరిచి, తర్వాత కూర్చుని ఏడ్చింది.

మొదటి ఫోన్ జూన్‌లో వచ్చింది, పొద్దున కాఫీ వేళకి.

విమానంలో తోడుగా ఒక్కరికే చోటు. ఊనా వెళ్ళింది. కేటిల్ మర్నాడు మామూలు విమానాల్లో వస్తానన్నాడు. నర్సు ఏదో సూది ఇచ్చిందట, అయినా దగ్ని కళ్ళు మూయలేదట. అక్క చెయ్యి పట్టుకుని, ఎంత దూరం వచ్చాం అని తప్ప ఇంకో మాట మాట్లాడలేదట. ఫేరో దీవులు కుడివైపున కనిపించి వెనక్కి పోయాక, నర్సు చెవులకి పెట్టుకున్న దాంట్లో ఏదో విని, పైలట్‌తో మాట్లాడి, వచ్చి దగ్ని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అక్కడి డాక్టర్లు చనిపోయిన మనిషి పొట్ట తెరిచి చూశారట, ఆ కాలేయం బాగాలేదు, పనికిరాదంది. విమానం సముద్రం మీద వంగి వెనక్కి తిరిగింది. ఆ వంగినప్పుడు దగ్ని కిటికీలో ఆకాశం లేకుండా నీళ్ళే కనిపించాయట. ఊనా ఇదంతా నాకు చెప్తూ, ఇంత భయపడ్డ మనిషి ఒక్కసారి కూడా అరవలేదు ఆల్దా, అరిచినా బాగుండేది అంది.

ఊరికి వచ్చాక తొట్టిలో అందరూ ఆమెకి ధైర్యం చెప్పారు. గిస్లి సగం వలే కదా వేశావు, సగం జీతం అడుగు అన్నాడు. ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. ఆ వేసవిలో ఆమె బరువు తగ్గింది, చర్మం పాత కాగితంలా అయింది. గాజు గదికి మెట్లెక్కి వచ్చి కూర్చున్నాక, మాట్లాడటానికి ఊపిరి కూడదీసుకునేది. పని మానేయమని కొలను వాళ్ళూ చెప్పారు. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే ఫోనూ నేనూ మిగుల్తాం, ఇక్కడైతే పిల్లల అరుపులైనా వినిపిస్తాయి అంది. కనుక ఆమె పేరుకి నాతోపాటు కూర్చునేది, చూసేది నేను.

రెండోది జనవరిలో.

ఆ రోజు పొద్దున్నుంచే మంచు తుఫాను. కొలను మూసేశారు. నేను ఇంట్లో కూర్చుని, ఎదురింటి దీపం కూడా కనిపించని కిటికీని చూస్తున్నాను. పదిన్నరకి ఊనా ఫోన్ చేసింది. పిలుపొచ్చింది, బయలుదేరుతున్నాం అని. ఈ గాలిలోనా అని నేను అడగలేదు.

తర్వాత జరిగింది ఊనా నోటనే విన్నాను. దగ్నిని విమానంలో పడుకోబెట్టి బెల్టులు కట్టారు. తలుపు వేశారు. బయట ఏమీ లేదు, తెలుపు తప్ప. ఆ తెలుపులో కేటిల్ బండి మీది పసుపు దీపం తిరుగుతూ వెళ్ళడం, మాయమవడం, మళ్ళీ రావడం మాత్రం కనిపించింది. అతను ఒక పక్క తోసుకుంటూ వెళ్తుంటే వెనక గాలి మళ్ళీ కప్పేస్తోంది. రెక్కల మీద మంచు కరిగించే ద్రావకం రెండుసార్లు చల్లారు. విమానం నేల మీదే నిలబడి ఊగుతోంది. కొండల మీంచి అడ్డంగా కొట్టే గాలి కాస్త తగ్గితే చాలు, పది నిమిషాలు తగ్గినా లేస్తామని పైలట్ అన్నాడు. తగ్గలేదు. దగ్ని ఆ రోజు ఎంత దూరం అని అడగలేదట. కిటికీలోంచి ఆ పసుపు దీపాన్నే చూస్తూ పడుకుందట.

మధ్యాహ్నం గోథెన్‌బర్గ్ నుంచి మళ్ళీ మాట వచ్చింది. ఇక ఆగలేం, వరసలో తర్వాతి మనిషికి ఇస్తున్నాం.

పైలట్ ఇంజన్లు ఆపాడు. ఊనా చెల్లెలి బెల్టులు విప్పింది. కేటిల్‌కి రేడియోలో చెప్పారు, ఇక చాలు, వచ్చెయ్యమని. అతను బండి ఆపలేదు. చీకటి పడేదాకా ఆ రన్‌వే మీద ఆ చివరి నుంచి ఈ చివరికి, ఏ విమానమూ లేవని దారి మీద మంచు తోస్తూనే ఉన్నాడు. చివరికి తోటివాడొకడు మరో బండి వేసుకుని వెళ్ళి, దారికి అడ్డంగా నిలబెట్టి, తలుపు తీసి అతన్ని కిందికి దించాడు.

ఆ తర్వాత దగ్నిలో ఏదో మారింది. అంతకుముందు ఫోన్ మోగితే భయపడేది, మోగకపోయినా భయపడేది. ఇప్పుడు మోగకూడదని కోరుకోవడం మొదలుపెట్టింది. నాకు వెంటనే అర్థం కాలేదు. ఫోన్‌ని ఇంట్లో మర్చిపోయి వచ్చేది. కేటిల్ దాన్ని పట్టుకుని కొలనుకి పరిగెత్తుకొచ్చేవాడు. ఒకరోజు చార్జింగ్ అయిపోయి గంటల తరబడి పడి ఉంటే, నేను కోప్పడ్డాను.

అప్పుడు చెప్పింది. "ఎగిరితే పడిపోతానని కాదే ఆల్దా. ఆ భయం ఎప్పుడో అరిగిపోయింది. ఎగిరి మళ్ళీ వెనక్కి రావాలేమోనని. ఇంకోసారి వెనక్కి రాలేను నేను. ఇక్కడే ఈ కుర్చీలో అయిపోతే అదో రకం. దానికి దూరం లేదు."

నేను ఫ్లాస్కులోంచి కాఫీ పోశాను. ఆమె తాగలేదు. కాఫీ వాసన కూడా పడని స్థితికి వచ్చింది అప్పటికే. కేటిల్‌తో చెప్పొద్దని మాట తీసుకుంది. నేను చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నాకూ ఫోనంటే భయం పట్టుకుంది. మోగుతుందేమోనని ఆమెకి, మోగితే ఆమె ఎత్తదేమోనని నాకు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం. చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. గాలి లేదు. గట్ల మీద తోసిపోసిన మంచు మెరుస్తోంది, కొలను మీంచి ఆవిరి నిట్టనిలువునా లేస్తోంది. బడిపిల్లలు ఈత నేర్చుకోవడానికి వచ్చారు. నేను వాళ్ళని లెక్కపెట్టుకుంటున్నాను. బల్ల మీద దగ్ని ఫోన్ మోగింది.

ఆమె దాని వైపు ఒక్క చూపు చూసి తల తిప్పేసింది. కొలను వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆమె మోచేతిని తాకాను.

"మోగనీ," అంది. "ఆగిపోతుంది."

"ఎవరో చూడవే."

"చూశాను. స్వీడన్ నంబరు."

ఫోన్ ఆగిపోయింది. కింద పిల్లల కాళ్ళు నీళ్ళని కొట్టే చప్పుడు వినిపించింది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి, గోళ్ళు అరచేతుల్లోకి దిగి. మళ్ళీ మోగింది. ఈసారి నేను తీశాను.

అవతల ఆడమనిషి గొంతు, చాలా మర్యాదగా, దగ్ని ఉందా అని స్వీడిష్‌లో అడిగింది. నాకు వచ్చింది బడిలో బలవంతంగా నేర్పిన డేనిష్. ఆ డేనిష్‌లోనే ఉంది, వస్తోంది, ఇప్పుడే బయలుదేరుతోంది అన్నాను. జ్వరం ఉందా అని అడిగింది, లేదన్నాను. ఏమైనా తిన్నదా అంటే, పొద్దున కాస్త స్కిర్ పెరుగు తిన్నదన్నాను. ఫోన్ బల్ల మీద పెట్టేశాను.

దగ్ని నన్ను చూసిన చూపు ఎప్పటికీ మర్చిపోను. "నా బదులు చెప్పడానికి నువ్వెవరివే?" అంది, నెమ్మదిగానే.

"ఎవర్నీ కాను. లే."

లేవలేకపోయింది. మొండితనం కాదు, కాళ్ళు నిజంగానే రాలేదు. ఎండ కాసిందని ఆ రోజు ఇంకా తొట్టిలోనే ఉన్న గిస్లిని నేను కిటికీ తెరిచి కేకేశాను. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాడు తడి ఒంటితో, ఊలు టోపీతో, ఆ చలిలో మెట్లెక్కి వచ్చాడు. ఆమె చంక కింద చెయ్యేసి లేపుతూ, తన జీవితంలో ఇంత అందమైన ఆడదాన్ని ఇంత తక్కువ బట్టలతో ఎప్పుడూ మోయలేదన్నాడు. దగ్ని అతని భుజం మీద తల పెట్టి మెట్లు దిగింది. పిల్లల మేష్టరుకి కొలను అప్పగించి, నేను కారు తీశాను.

ఊనా కాలు విరిగి పిండికట్టుతో ఉంది. కేటిల్ మంటలార్పే శిక్షణ కోసం రెండు రోజుల కిందటే రాజధాని రెయ్‌క్యవీక్ వెళ్ళాడు. కారులోంచే అతనికి ఫోన్ చేశాను. తను సాయంత్రం దొరికిన విమానం పట్టుకుంటానని, నువ్వు ఎక్కెయ్ ఆల్దా, నువ్వే ఎక్కెయ్ అని రెండుసార్లు అన్నాడు. అలా కొలను చొక్కా, మెడలో ఈలతో నేను అంబులెన్స్ విమానం ఎక్కాను.

విమానాలంటే నాకెప్పుడూ భయం లేదు. ఆ రోజు నేర్చుకున్నాను. లేచేటప్పుడు ఫ్యోర్డు రెండు వైపుల కొండలూ రెక్కలకి తగిలేంత దగ్గరగా అనిపించాయి. దగ్ని మంచం మీద, నేను ఆమె తలవైపు చిన్న కుర్చీలో. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. నా మీద కోపం పోలేదేమో అనుకున్నాను. కింద తెల్లటి లోయలు అయిపోయి, సముద్రం వచ్చింది. పంకాల హోరులో ఆలోచనలు కూడా సరిగ్గా వినపడవు. అయినా ఒకటే ఆలోచన తిరిగి తిరిగి వచ్చింది. ఈమె వద్దన్న దానికి నేను సరేనన్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగితే, లేదా అక్కడ బల్ల మీద పోతే, కేటిల్‌కి ఏం చెప్పాలి?

చాలాసేపటికి ఆమె పెదాలు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"ఫేరో దాటామా?"

నర్సుని అడిగాను. ఇంకొద్దిసేపట్లో అని ఆమె వేళ్ళతో చూపించింది. దగ్ని కళ్ళు నర్సు మీదే నిలిచిపోయాయి. నాకు అప్పుడు అర్థమైంది. మొదటిసారి వెనక్కి రమ్మన్న కబురు అక్కడే వచ్చింది. కిటికీలోంచి దూరంగా, మబ్బుల మధ్య నల్లటి ముక్కల్లా ఆ దీవులు కనిపించాయి. సరిగ్గా అప్పుడే నర్సు తల పక్కకి తిప్పి, చెవికి పెట్టుకున్న దాన్ని చేత్తో అదిమిపట్టి వినసాగింది.

దగ్ని చెయ్యి వచ్చి నా మణికట్టుని పట్టుకుంది. ఆ చేతిలో బలం ఉందని నేననుకోలేదు. ఎముక నొప్పెట్టింది. నర్సు వింటోంది. తల ఊపుతోంది. ఏదో రాసుకుంటోంది. ఆమె మొహంలో ఏమీ లేదు, వాళ్ళకి అలా ఉండటం నేర్పిస్తారు కాబోలు. నేను ఆ మొహం చూడలేక విమానం వంగుతోందేమోనని కిటికీలో సముద్రపు గీతని చూశాను. గీత తిన్నగానే ఉంది. అయినా నమ్మకం కలగలేదు.

నర్సు ముందుకి వంగి మా ఇద్దరికీ వినపడేలా చెప్పింది. "అక్కడివాళ్ళు చూశారంట. బాగుంది. గాలి మన వెనకే ఉంది, అనుకున్నదానికంటే ముందే దిగుతాం."

దగ్ని నా మణికట్టు వదల్లేదు. నార్వే కొండలు వచ్చినా, అవి దాటినా, కింద దీపాలు ఒకటీ అరా వెలగడం మొదలైనా వదల్లేదు. దిగేముందు ఒక్కసారి విమానం గుంటలో పడ్డట్టు జారింది. నేను అరిచాను. ఆమె అరవలేదు.

రన్‌వే పక్కనే అంబులెన్స్ ఉంది. ఆసుపత్రిలో తలుపుల వెనక్కి తీసుకెళ్ళేముందు మంచం ఆపమని, నన్ను దగ్గరికి పిలిచింది. ఏదో గొప్ప మాట అంటుందనుకున్నాను. పిల్లల లెక్క సరిపోయిందా అని అడిగింది. మేష్టరు చూసుకుంటాడన్నాను. తలుపులు మూసుకున్నాయి. ఆ వసారాలో కూర్చుని, మెడలో ఈల పట్టుకుని, నేను ఎవరికీ మొక్కని మనిషిని, ఏదో ఒకదానికి మొక్కుతూనే ఉన్నాను. కేటిల్ మర్నాడు పొద్దున వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. కాలేయం పనిచేయడం మొదలుపెట్టిందని చెప్పారు. అతను గోడకి ఆనుకుని, అలాగే కిందికి జారి, నేల మీద కూర్చున్నాడు.

అంతా నల్లేరు మీద నడకలా ఏం సాగలేదు. ఒకసారి రక్తం గడ్డకట్టి మళ్ళీ తెరిచారు. కొత్త కాలేయాన్ని ఒళ్ళు తోసేయబోతే మందులు పెంచారు. రెండు నెలలు ఆసుపత్రి పక్క వసతిగృహంలో ఉన్నారు. కేటిల్ అక్కడ వంట నేర్చుకున్నాడు. మే నెల చివర్లో మామూలు విమానంలో, మొగుడి భుజంలో మొహం దాచుకుని తిరిగొచ్చింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి.

శరత్కాలంలో మళ్ళీ పనికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకి, జనం పల్చగా ఉన్న ఒక మధ్యాహ్నం, అంతవరకు ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పింది.

వసతిగృహంలో కింద కాఫీ తాగే చోట రూనే అని ఒకతను పరిచయమయ్యాడట. స్యోవ్‌డే అనే ఊరివాడు, పాల లారీ నడిపేవాడు. అతనిదీ కాలేయమే. పరీక్షలకి వచ్చాడు. ఆపరేషన్ ఎప్పుడయిందని దగ్ని మాటవరసకి అడిగింది. జనవరిలో అన్నాడు. ఏ రోజో చెప్పాడు.

దగ్ని చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసిందట.

అతను తనంతట తనే చెప్పుకుపోయాడు. ఆ పొద్దున తనని ఆసుపత్రికి రమ్మన్నారు, కానీ నీకంటే ముందు ఒకరున్నారు, వాళ్ళు రాలేకపోతేనే నీకు అన్నారట. భార్యా తనూ బెంచీ మీద కూర్చుని, వాళ్ళు రాకపోతే బాగుండునని ఒకరికొకరు చెప్పుకోకుండా కోరుకున్నారట. మధ్యాహ్నం తనని లోపలికి తీసుకెళ్ళారు. అప్పట్నుంచి తనకి నిద్ర సరిగ్గా లేదు. ఆ వచ్చేవాళ్ళు ఎవరు, ఎందుకు రాలేకపోయారు, ఉన్నారా పోయారా? అడిగితే చెప్పరు, చెప్పకూడదు. ఆ మనిషి కలలోకి వస్తాడు, మొహం ఉండదు, తలుపు దగ్గర నిలబడతాడు అన్నాడట.

దగ్నికి లేచి వెళ్ళిపోవాలనిపించిందట. చెప్తే ఏమవుతుందో తెలియలేదు. చెప్పకపోతే అతను ఆ కలతోనే ముసలివాడవుతాడు. చివరికి వచ్చీరాని స్వీడిష్‌లో చెప్పింది. మాది ఐస్‌లాండ్. ఆ రోజు మా ఊళ్ళో మంచు తుఫాను. విమానంలో పడుకున్నాను గానీ లేవలేకపోయాం.

రూనే లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కానీ ఏం చేయాలో తెలియక చేతులు అటూ ఇటూ కదిపాడు. పెద్దమనిషి, లావాటి మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు. దగ్ని అతన్ని కూర్చోబెట్టి కాఫీ పోయించింది. సాయంత్రం అతని భార్య వచ్చింది. ఆమె దగ్నిని దూరం నుంచే చూసింది, దగ్గరికి రాలేకపోయింది. వెళ్ళేముందు మాత్రం వచ్చి, మెడలోని ఊలు మఫ్లరు తీసి దగ్ని మెడలో చుట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్ళింది.

"నీకు రావాల్సిన కాలేయం అదే అయ్యుంటుందంటావా?" అని అడిగాను. "వేరే ఎవరిదైనా కావొచ్చుగా."

"కావొచ్చు," అంది దగ్ని. "ఎవరూ చెప్పరు. కానీ అతనికి నిద్ర పడుతోందట ఇప్పుడు. వాళ్ళావిడ తర్వాత ఉత్తరం రాసింది."

"మరి నీకు?"

ఆమె కొలను వైపు చూసింది. రూనేని చూస్తే సంతోషమే వేసిందని, కానీ ఆ రోజు గాలి తగ్గి ఉంటే ఆ లావాటి మనిషి ఇప్పుడు ఉండేవాడు కాదన్న ఆలోచన వస్తే ఒళ్ళు చల్లబడుతుందని చెప్పింది. విమానం ఎక్కినప్పటికంటే ఎక్కువ భయం వేస్తుందట అది తల్చుకుంటే. కేటిల్‌కి ఇంకా చెప్పలేదంది. అతను ఆ రోజు అంతసేపు మంచు తోశాడు కదా, చెప్తే ఎలా తీసుకుంటాడోనని.

చెప్పమని నేను అనలేదు, వద్దనీ అనలేదు. కింద కొలను లోతైన వైపు ఒక పిల్ల తేలుతూ కదలకుండా ఉన్నట్టు కనిపించింది. దగ్ని నాకంటే ముందే లేచి, మెట్లు రెండేసి దిగుతూ వెళ్ళిపోయింది. పిల్ల ఊపిరి బిగపట్టి ఆడుకుంటోందట. దగ్ని దాన్ని గట్టుకి రమ్మని, మోకాళ్ళ మీద కూర్చుని, ఇంకెప్పుడూ అలా చేయొద్దని చాలాసేపు చెప్పింది.